చిన్నపిల్లలతో మెడీవల్ టైమ్స్ డిన్నర్ షోకి: తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్, షికాగో పక్కన షాంబర్గ్, న్యూజెర్సీ లిండ్‌హర్స్ట్, అట్లాంటా పక్కన లారెన్స్‌విల్, మేరీలాండ్ హానోవర్, టొరంటో. మెడీవల్ టైమ్స్ క్యాజిల్స్ ఉన్న ఊళ్ళ పేర్లు చదువుతుంటే తెలుగు సంఘాల జాబితా చదివినట్టే ఉంటుంది. అందుకే పిల్లల పుట్టినరోజు దగ్గర పడినా, వేసవిలో ఇండియా నుంచి అమ్మమ్మ తాతయ్యలు దిగినా ఈ షో మాట వస్తుంది, దాంతోపాటు ప్రశ్నలూ వస్తాయి. ఏడేళ్ళలోపు పిల్లలున్నవాళ్ళు ఎక్కువగా అడిగేవాటికి జవాబులు ఇవి.

అసలు అక్కడ ఏం జరుగుతుంది?

బయటికి కోటలా కనిపించే భవనం, దాన్నే క్యాజిల్ అంటారు. లోపల ఇసుక పరిచిన పొడవాటి అరేనా, దాని చుట్టూ మెట్లు మెట్లుగా సీట్లు. ప్రతి వరుస ముందూ సన్నటి బల్ల ఉంటుంది. అందరూ అరేనా వైపే తిరిగి కూర్చుని, ఆ బల్ల మీదే తింటారు. ఎదురెదురుగా కూర్చునే పద్ధతి లేదు. రాణి వస్తుంది, గుర్రాలు అడుగులు వేసి చూపిస్తాయి, డేగ తలల మీదుగా ఎగురుతుంది. తర్వాత ఆరుగురు నైట్స్, అంటే పాతకాలపు గుర్రపు వీరులు, ఈటెలతో గుర్రాల మీద ఢీకొంటారు, కింద పడ్డాక కత్తులు, గొడ్డళ్ళతో పోరాడతారు. సీట్లు రంగుల వారీగా సెక్షన్లు, ఒక్కో రంగుకి ఒక్కో నైట్. మీరు కూర్చున్న రంగు నైటే మీవాడు. చివరికి ఒక్కడు గెలుస్తాడు. షో సుమారు 2 గంటలు. అమెరికాలో వాళ్ళ మొదటి క్యాజిల్ 1983లో ఫ్లోరిడాలోని కిసిమీలో మొదలైంది.

పెద్దవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, కత్తి కాంతారావు జానపద సినిమా కళ్ళముందు ఆడుతుంటే భోజనం చెయ్యడం.

ఎన్నేళ్ళ పిల్లలకి బాగుంటుంది?

క్యాజిల్ వయసు నిబంధన పెట్టదు, చంకలో పాపాయితో వచ్చేవాళ్ళూ ఉంటారు. కానీ డబ్బు పెట్టినందుకు పిల్లలకి ఏదన్నా దక్కాలంటే 5 నుంచి 9 ఏళ్ళు మంచి వయసు. గుర్రాన్ని చూసి నోరు తెరుస్తారు, తమ నైట్ కోసం గొంతు చించుకుంటారు, చేత్తో తినమంటే పండగ చేసుకుంటారు.

మూడు, నాలుగేళ్ళ పిల్లల విషయం పిల్లని బట్టి ఉంటుంది. సినిమా హాల్లో ట్రైలర్ల మోతకి చెవులు మూసుకునే పిల్ల అయితే ఇంకో ఏడాది ఆగడం మేలు. దసరా బాణసంచా, పెళ్ళి బ్యాండు మేళం దగ్గర గంతులేసే పిల్ల అయితే నిశ్చింతగా తీసుకెళ్ళండి. రెండేళ్ళలోపు పిల్లలు షోకి వచ్చినట్టు లెక్క కాదు, మీతోపాటు వచ్చినట్టు మాత్రమే. వాళ్ళు నిద్రపోతే మీరు అదృష్టవంతులు.

పసిపిల్లలకి టికెట్ కావాలా?

3 ఏళ్ళు, ఆ లోపు పిల్లలు మీ ఒళ్ళో కూర్చుని మీ కంచంలోదే పంచుకుంటే టికెట్ అక్కర్లేదు. వాళ్ళకి విడిగా సీటు గానీ, విడిగా కంచం గానీ కావాలంటే టికెట్ కొనాలి. ఇక్కడ చాలామంది పొరపడతారు. రెండున్నరేళ్ళ పిల్లాడు రెండు గంటలు ఒళ్ళో కూర్చోవడం అంటే మాటలు కాదు. పైగా మీ ముందు వేడి సూప్, మీ రెండు చేతులకీ చికెన్ జిడ్డు. ఒళ్ళో కుదురుగా ఉండని పిల్లాడైతే ఆ పిల్లల టికెట్ డబ్బు వృథా కాదు.

పిల్లల టికెట్ కొన్నా వచ్చేది పెద్దవాళ్ళ భోజనమే, అదే పరిమాణంలో. ఇంట్లో అరకప్పు అన్నం తినే పిల్ల ముందు అంత కంచం పెడితే సగం కూడా తినదు. మిగిలింది ఇంటికి కట్టించుకోవచ్చు, సర్వర్‌ని అడగండి.

ఏ షో బుక్ చెయ్యాలి, మధ్యాహ్నమా సాయంత్రమా?

పిల్లలు ఆరేళ్ళలోపు అయితే శని, ఆదివారాల్లో ఆ రోజు ఉన్న షోలలో అన్నిటికంటే ముందుది. షో 2 గంటలు, అంతకు ముందు లోపల గడిపే గంటా గంటంపావు, వెళ్ళి రావడానికి ప్రయాణం. ఫ్రిస్కో నుంచి డాలస్ వెళ్ళినా, ఎడిసన్ నుంచి లిండ్‌హర్స్ట్ వెళ్ళినా మొత్తం ఐదు గంటల పని. సాయంత్రం 7 గంటల షోకి వెళ్తే ఇంటికి చేరేసరికి పది అవుతుంది. మధ్యాహ్నం నిద్ర మానని పిల్లల్ని కారులోనే, వెళ్ళే దారిలో పడుకోబెట్టేలా లెక్క వేసుకోండి. నిద్ర లేచి, ముఖం కడిగించుకుని, ఇంత బిస్కెట్ తిని లోపలికి వెళ్ళిన పిల్లకీ, నిద్ర ఆపుకుంటూ వెళ్ళిన పిల్లకీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

స్కూల్ సెలవుల్లో, వేసవిలో వారం మధ్య రోజుల్లోనూ షోలు ఉంటాయి. జనం తక్కువ, ధర కూడా తరచు తక్కువే. షో టైములు క్యాజిల్‌ని బట్టి, నెలని బట్టి మారతాయి. మీ ఊరి క్యాజిల్ పేజీలోనే చూడండి, పక్క ఊరిది చూసి లెక్క వెయ్యకండి.

ఎంత ముందుగా చేరాలి?

షో టైముకి గంట ముందు కారు దిగేలా. ముందు మీరు టికెట్ చూపించాలి, తర్వాత మీ సెక్షన్ రంగు కాగితపు కిరీటం ఇస్తారు, ఫోటో తీస్తారు, తర్వాత బార్లు, షాపులు, సింహాసనాలు ఉన్న పెద్ద హాల్లోకి వదులుతారు. అరేనా తలుపులు తెరిచేదాకా అక్కడే. అరేనాలోకి రంగుల వారీగా పిలుస్తారు.

ఎక్కువ కుటుంబాలకి రోజు పాడయ్యేది షోలో కాదు, ఈ హాల్లో. జనం, గోల, చీకటి, ఎటు చూసినా మెరిసే కత్తులు. కూర్చోవడానికి చోటు తక్కువ. గంటన్నర ముందే వచ్చేస్తే పిల్లలు షో మొదలవకముందే అలిసిపోతారు. మరీ ఆలస్యంగా వస్తే తోపులాటలో ఇరుక్కుంటారు. గంట సరిపోతుంది. ఆ గంటలో చెయ్యాల్సినవి రెండే: అందరూ బాత్‌రూమ్‌కి వెళ్ళడం, శాకాహారం గురించి ఒకసారి అడిగి రూఢి చేసుకోవడం.

కిరీటం పెద్దల తలకి సరిపోయే పట్టీ. మూడేళ్ళ పిల్లకి ముక్కు మీదికి జారుతుంది. రెండు చివర్లూ ఇంకో రెండంగుళాలు లోపలికి లాగి, ఒక తలపిన్ను గుచ్చితే ఆగుతుంది. పిన్ను ఇంటి నుంచే తెచ్చుకోండి.

రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తే పక్కపక్కన కూర్చోవచ్చా?

అందరికీ కలిపి ఒకరే బుక్ చేస్తే సమస్య లేదు. ఎవరికి వాళ్ళు కొంటే ఒకరు ఎరుపులో, ఇంకొకరు నీలంలో పడతారు. అరేనాకి ఆ చివర నుంచి ఈ చివరకి చేతులూపుకోవడమే మిగులుతుంది. విడివిడిగా కొనేసి ఉంటే ముందే క్యాజిల్‌కి ఫోన్ చేసి బుకింగ్ నంబర్లు చెప్పి కలపమనండి, ఆ రోజు కూడా అందరూ ఒకేసారి కౌంటర్ దగ్గరికి వెళ్ళండి. పార్కింగ్‌లో ఆలస్యమైన బావగారి కోసం మిగతావాళ్ళు ఆగాలన్నమాట.

ముందు వరుస కోసం ఎక్కువ కట్టాలా?

ఏడెనిమిదేళ్ళ పిల్లలకైతే కట్టండి, గుర్రం చెమట వాసన కూడా తెలిసేంత దగ్గర. ఐదేళ్ళలోపు వాళ్ళకి వద్దు. ఈటె విరిగినప్పుడు వచ్చే ఫెళ్ళుమన్న చప్పుడు, కత్తుల నుంచి ఎగిరే నిప్పురవ్వలు, గుర్రం గిట్టలు ఎగజిమ్మే ఇసుక అన్నీ ముందు వరుసకే ఎక్కువ. మధ్య వరుసలు, అందులోనూ నడవా పక్క సీటు పసిపిల్లలున్నవాళ్ళకి సరైన చోటు. సీట్లు మెట్లుగా ఉంటాయి కాబట్టి వెనక కూర్చున్నా ముందు వాళ్ళ తలలు పెద్దగా అడ్డం రావు. బుక్ చేసేటప్పుడు లేదా కౌంటర్ దగ్గర "చంటిపిల్ల ఉంది, నడవా పక్కన ఇవ్వండి" అని అడిగితే వీలున్నంతవరకు ఇస్తారు.

మెనూ ఏంటి?

టమాటా సూప్, గార్లిక్ బ్రెడ్, ఎముకతో కాల్చిన చికెన్, వెన్న రాసిన మొక్కజొన్న కండె ముక్క, మసాలా ఆకులు పట్టించిన బంగాళాదుంప, చివర్లో ఒక తీపి. కారం ఏమీ ఉండదు, పిల్లలకి ఇబ్బంది లేదు. మనకే చప్పగా అనిపిస్తుంది. పచ్చడి సీసా బ్యాగులో వేసుకెళ్ళే ఆలోచన మాత్రం మానుకోండి, బయటి తిండి లోపలికి రానివ్వరు. పసిపిల్లల పాలు, బేబీ ఫుడ్ సంగతి వేరు, అయినా బుక్ చేసేటప్పుడే ఒక మాట చెప్పి ఉంచండి.

వడ్డన షోతోపాటే సాగుతుంది. సూప్ మొదట్లో, చికెన్ కంచం షో బాగా మొదలయ్యాక, తీపి చివర్లో. అంటే అసలు భోజనం చేతికొచ్చేసరికి మీరు క్యాజిల్‌లో అడుగుపెట్టి గంటన్నర దాటుతుంది. కాబట్టి ఆకలితో తీసుకెళ్ళకండి. బయల్దేరే ముందు పెరుగన్నమో, ఇడ్లీయో సగం కడుపుకి పెట్టండి. "అక్కడ భోజనం ఉందిగా" అని ఖాళీ కడుపుతో తీసుకెళ్ళిన పిల్లలే సూప్ వచ్చేలోపు ఏడుస్తారు.

మేం శాకాహారులం. మా పరిస్థితి ఏంటి?

శాకాహార భోజనం ఉంది, అదనంగా డబ్బు కట్టక్కర్లేదు. కానీ అడగాలి. ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడు ఆ గడి కనిపిస్తే నింపండి, లోపలికి వెళ్ళేటప్పుడు కౌంటర్‌లో చెప్పండి, సీట్లో కూర్చోగానే సర్వర్ పలకరించినప్పుడు ఎంతమందికో వేళ్ళు చూపించి మరీ చెప్పండి. మూడుసార్లు చెప్పడం అతి అనిపించొచ్చు. షో మొదలయ్యాక ఆ గోలలో సర్వర్‌కి మీ మాట వినిపించదు, వంటగది నుంచి చికెన్ కంచాలు వరుసగా వచ్చేస్తాయి. అప్పుడు మార్పించుకోవడానికి పావుగంటయినా పడుతుంది.

ఇచ్చేది మామూలుగా హమ్మస్, పిటా రొట్టె, బీన్స్‌తో వండిన కూర, అన్నం లాంటివి. పిల్లలకి నచ్చేది అన్నం, బీన్స్. హమ్మస్ ముట్టరు. సూప్, గార్లిక్ బ్రెడ్, తీపి వీటిలో ఏవేవి తినొచ్చో సర్వర్‌ని పేరుపేరునా అడగండి. గుడ్డు తినని ఇళ్ళవాళ్ళు తీపి విషయంలో తప్పకుండా అడగాలి. వెల్లుల్లి మానేసిన పెద్దవాళ్ళకి మాత్రం అక్కడ తినగలిగింది దాదాపు ఉండదు. వాళ్ళకి ఇంట్లోనే భోజనం పెట్టి తీసుకెళ్ళడం మర్యాద.

పక్క సీటువాళ్ళ కంచంలో చికెన్ మీ మోచేతికి జానెడు దూరంలో ఉంటుంది. ఆ పట్టింపు ఉన్న నానమ్మని వరుస చివర కూర్చోబెట్టి, మధ్యలో మీరు కూర్చోండి.

హలాల్ తినేవాళ్ళూ శాకాహార భోజనమే అడుగుతుంటారు, అది తేలిక.

చెంచా, ఫోర్కు ఇవ్వరంటున్నారు. పిల్లలకి ఎలా తినిపించాలి?

నిజమే, కథలోని కాలంలో ఫోర్కులు లేవని చేత్తోనే తినమంటారు. మనకి అదేమంత వింత కాదు, పిల్లలకి చేత్తో కలిపి పెట్టడం మన ఇళ్ళలో రోజూ ఉన్నదే. ఇబ్బంది వేరే మూడు చోట్ల.

మొదటిది సూప్. పిడి ఉన్న గిన్నెలో పోస్తారు, ఎత్తుకుని తాగాలి. వేడిగా ఉంటుంది, బల్ల సన్నం, లైట్లు తక్కువ. పిల్ల ముందు ఆ గిన్నె పెట్టనివ్వకండి, మీ ముందు పెట్టించుకుని 5-8 నిమిషాలు ఆగండి. గార్లిక్ బ్రెడ్ ముక్క ముంచి పెడితే చెంచా అవసరమే రాదు. లేదంటే ఇంటి నుంచి ఒక ప్లాస్టిక్ చెంచా, మూత ఉన్న చిన్న కప్పు తెచ్చుకోండి.

రెండోది చికెన్. ఎముకతో వస్తుంది, చాకు ఉండదు. నాలుగేళ్ళలోపు పిల్లలకి ఎముకతో అస్సలు ఇవ్వకండి. చీకట్లో సన్న ఎముక కనపడదు. మీ వేళ్ళతో పీచులుగా చీల్చి, ప్రతి పీచునీ రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి పెట్టండి. రెండు నిమిషాల పని, అది కూడా గుర్రాలు అడుగులు వేసే నెమ్మది ఘట్టంలో చేసెయ్యండి. ఈటెల పోటీ మొదలైతే మీ కళ్ళూ అటే పోతాయి.

మూడోది మొక్కజొన్న. గింజలు తీసే చాకు ఉండదు కాబట్టి పళ్ళు సరిగా రాని పిల్లలకి వద్దు. మూడేళ్ళు దాటినవాళ్ళకి కండె చేతికిచ్చెయ్యండి, ఇరవై నిమిషాలు కాలక్షేపం.

తడి వైప్స్ ఒక పూర్తి ప్యాకెట్ తీసుకెళ్ళండి. వాళ్ళిచ్చే న్యాప్‌కిన్ ఒక్కటి వెన్నకే సరిపోదు. పట్టు పావడాలు, తెల్ల కుర్తాలు ఇంట్లో ఉంచండి.

చప్పుడు ఎంత ఉంటుంది?

మైకులు, సంగీతం, లోహం లోహాన్ని కొట్టుకోవడం, వాటికితోడు మీ చుట్టూ ఉన్న వందలమంది అరుపులు. అరవమని ప్రోత్సహిస్తారు, బల్లలు చరచమంటారు. ఆరేళ్ళలోపు పిల్లలందరికీ చెవి మఫ్‌లు తీసుకెళ్ళండి, కావాలంటారో వద్దంటారో తర్వాత సంగతి. ఎన్‌ఆర్‌ఆర్ (చప్పుడు ఎంత తగ్గిస్తాయో చెప్పే అంకె, డబ్బా మీద ఉంటుంది) 20 నుంచి 25 మధ్య ఉన్నవి చాలు, మాటలు లీలగా వినిపిస్తాయి. రెండేళ్ళలోపు వాళ్ళకి మెత్తటి పట్టీతో వచ్చేవి కొనండి. చెవిలో దూర్చే ఫోమ్ బిళ్ళలు పసివాళ్ళకి వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

కొత్త మఫ్‌లు ఆ రోజే పెడితే పీకి పారేస్తారు. వారం ముందు నుంచి ఇంట్లో మిక్సీ వేసినప్పుడల్లా పెట్టి అలవాటు చెయ్యండి.

పొగ, మెరిసే లైట్లు, అలర్జీల సంగతి?

షోలో పొగ వదులుతారు, స్ట్రోబ్ లైట్లు వాడతారు. మెరుపు కాంతికి ఫిట్స్ వచ్చే పిల్లలైతే డాక్టర్‌ని అడగకుండా టికెట్ కొనకండి. గుర్రాల వెంట్రుకలు, ఇసుక దుమ్ము గాల్లో ఉంటాయి. ఆస్తమా ఉన్న పిల్లల ఇన్‌హేలర్ కారులో కాదు, మీ జేబులో ఉండాలి. తిండి అలర్జీలు బుకింగ్‌లోనూ, మళ్ళీ సర్వర్‌కీ చెప్పండి.

లోపల చల్లగా ఉంటుంది. జూలై నెల డాలస్‌లో కూడా స్వెటర్ పనికొస్తుంది.

కత్తియుద్ధం చూసి భయపడితే?

ముందు రోజు ఇంట్లో మూడు సంగతులు చెప్పండి. ఇది నాటకం, ఉత్తుత్తి కత్తియుద్ధం. పడిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారు. రక్తం ఉండదు. ఆన్‌లైన్‌లో ఉన్న ట్రైలర్ ఒకటి చూపించి, పడిపోయే ఘట్టం దగ్గర ఆపి "చూశావా, ఎలా పడ్డాడో, నువ్వు సోఫా మీంచి పడినట్టే" అనండి. రెండు చెంచాలతో ఒకసారి ఇంట్లో మీరే ఆడి చూపిస్తే ఇంకా మంచిది.

నైట్ పడిపోతే ఏడవని పిల్లలు కూడా గుర్రానికి దెబ్బ తగిలిందేమోనని ఏడుస్తారు. దానికీ సిద్ధంగా ఉండండి. ఈ షోలో ఎక్కువగా కనిపించేవి స్పెయిన్ జాతి ఆండలూసియన్ గుర్రాలు. టెక్సస్‌లోని శాంగర్ దగ్గర కంపెనీకి సొంత గుర్రాల రాంచ్ ఉంది, వయసైపోయిన గుర్రాలు అక్కడే విశ్రాంతిగా ఉంటాయి. ఈ చివరి మాట పిల్లలకి బాగా నచ్చుతుంది.

ఇంకో దుఃఖం గురించి ఎవరూ ముందే చెప్పరు: మీ రంగు నైట్ ఓడిపోవడం. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు-పసుపు, నలుపు-తెలుపు, ఈ ఆరుగురిలో గెలిచేది ఒక్కడే. అరేనాలో ఆరింట ఐదు భాగాల పిల్లలు ఓడినవాళ్ళ పక్షమే. "మనవాడు గెలిస్తే అరుద్దాం, ఓడితే బాగా ఆడాడని చప్పట్లు కొడదాం" అని కారులోనే ఒప్పందం చేసుకోండి. అవతలి రంగుని "బూ" అనడం ఆటలో భాగమని కూడా చెప్పాలి, లేకపోతే "అలా అనకూడదని నువ్వేగా చెప్పావు" అని అందరి ముందూ మిమ్మల్నే నిలదీస్తారు.

కొన్ని క్యాజిల్స్‌లో పాతకాలపు చిత్రహింసల పరికరాల గది ఉంటుంది, దానికి విడి టికెట్. పదేళ్ళలోపు పిల్లలతో అటు వెళ్ళకండి. బొమ్మలు చూసి కాదు, పక్కన రాసినవి చదివి భయపడతారు.

మధ్యలో బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే?

సినిమాలో లాగా ఇంటర్వెల్ లేదు. వెళ్ళడానికి ఎవరూ అడ్డు చెప్పరు, కానీ మెట్లు, చీకటి, చేతుల్లో కంచాలతో దిగుతున్న సర్వర్లు. పుట్టినరోజుల పేర్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన బృందాల పేర్లు చదివే ప్రకటనల సమయంలో లేచిపోండి, ఏమీ మిస్సవరు. డయపర్ మానిపించి రెండు మూడు నెలలే అయి ఉంటే ఆ ఒక్క పూటకి పులప్ వెయ్యండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

స్ట్రోలర్?

అరేనాలోకి పట్టదు. బయట పెట్టే చోటు సిబ్బంది చూపిస్తారు. క్యారియర్‌లో కట్టుకుంటే హాల్లో ఎదురుచూసే గంటకీ హాయి.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కూర్చోగలరా?

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మెట్లే అసలు సమస్య. బుక్ చేసేటప్పుడు మెట్లు ఎక్కలేని వాళ్ళున్నారని, వీల్‌చైర్ అవసరమైతే అదీ చెప్పండి. ఆ సీట్లు వేరే ఉంటాయి, ఆ రోజు అడిగితే నిండిపోయి ఉండొచ్చు. ఇంగ్లిష్ డైలాగులు పాత గ్రంథాల యాసలో ఉంటాయి. ఇక్కడే పుట్టిన పిల్లలకీ సగం అర్థం కాదు కాబట్టి తాతయ్య చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు. కథ సన్నం, కంటితో చూస్తే చాలు. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్ళు శబ్దం తగ్గించి పెట్టుకోవాలి.

పుట్టినరోజు అక్కడే చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. పుట్టినరోజు ప్యాకేజీలు ఉన్నాయి, పేరు కూడా ప్రకటిస్తారు. పేరు చదివేది కథలోని మంత్రి లాంటి పాత్రధారి. శ్రీవైష్ణవి, హృషీకేశ్ లాంటి పేర్లు ఆయన నోట్లో పడి ఏమవుతాయో ఊహించుకోండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ కాకుండా, పలికినట్టే విరిచి రాసివ్వండి, లేదా ఇంట్లో పిలిచే రెండక్షరాల పేరివ్వండి. చాలా పేర్లు గబగబా చదివేస్తారు, కెమెరా ముందే ఆన్‌లో ఉండాలి. పదిమంది ఐదేళ్ళ పిల్లలకి ఒక్క పెద్ద మనిషి చాలరు. ముగ్గురికి ఒకరు చొప్పున లెక్క పెట్టుకోండి.

టికెట్ కాక ఇంకా ఎంత అవుతుంది?

పన్ను, బుకింగ్ ఛార్జీ చివరి పేజీలో కలుస్తాయి, మొదటి పేజీలో చూసిన ధర చూసి మోసపోకండి. సర్వర్ టిప్ టికెట్లో కలిసి ఉండదు. భోజనం ధర విడిగా కనపడదు కాబట్టి శాతం లెక్క కుదరదు. మనిషికి 5 నుంచి 10 డాలర్లు నగదుగా ఇవ్వడం సమంజసం, ఒళ్ళో పిల్ల నేలంతా అన్నం చల్లితే ఇంకాస్త.

లోపలికి వచ్చేటప్పుడు తీసిన ఫోటోని షో మధ్యలో ఫ్రేము కట్టి మీ బల్ల దగ్గరికే తెస్తారు. వద్దంటే తీసుకెళ్ళిపోతారు, కొనాలనేమీ లేదు. అసలు గండం కత్తుల షాపు. వెలిగే ప్లాస్టిక్ కత్తి, చెక్క కత్తి, డాలు, రాకుమారి టోపీ పిల్లల కళ్ళ ఎత్తులోనే అమర్చి ఉంటాయి. "ఒక్కొక్కరికి ఒక్కటి, ఇంత లోపు, అదీ షో అయ్యాక" అని ఇంట్లోనే చెప్పేయండి. ముందే కొనిస్తే ఆ కత్తి సూప్ గిన్నెకి తగులుతుంది, ముందు వరుస ఆంటీ తలకి తగులుతుంది. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ ఒకే రంగుది కొనండి.

మధ్యలో ఏడుపు ఆపకపోతే?

బయటి హాల్లోకి తీసుకెళ్ళండి. అక్కడ వెలుతురు ఉంటుంది, చప్పుడు తగ్గుతుంది. పది నిమిషాలు నీళ్ళు తాగించి, నడిపించి మళ్ళీ తలుపు దగ్గర నిలబడి చూపించండి. దూరం నుంచి చూస్తే చాలామందికి భయం పోతుంది. అప్పటికీ వద్దంటే అమ్మానాన్నలు వంతులు వేసుకోండి. టికెట్ డబ్బు గిట్టుబాటు చేసుకోవాలని ఏడుస్తున్న పిల్లని కూర్చోబెడితే వచ్చే ఏడాది కూడా రానంటుంది.

ఇంకా చిన్నపిల్లలకి తగ్గ డిన్నర్ షో ఏదైనా ఉందా?

ఆర్లాండో వెళ్ళేవాళ్ళకి డిస్నీ ఫోర్ట్ విల్డర్‌నెస్‌లోని హూప్-డీ-డూ మ్యూజికల్ రెవ్యూ. 1974 నుంచి నడుస్తోంది. కత్తులు లేవు, గుర్రాలు లేవు, పాటలు, హాస్యం. మామూలు బల్లలు, చెంచాలు ఉంటాయి. మూడేళ్ళ పిల్లలకి ఇదే మంచి తొలి షో. అయితే కారు హాలు దాకా వెళ్ళదు, లోపలి బస్సో పడవో ఎక్కాలి. అరగంట అదనంగా పెట్టుకోండి.

అట్లాంటా నుంచి స్మోకీ కొండలకి వెళ్ళేవాళ్ళు పిజన్ ఫోర్జ్‌లో డాలీ పార్టన్ స్టాంపీడ్ చూస్తారు. గుర్రాలున్నా యుద్ధం లేదు, పందిపిల్లల పరుగు పందెం ఉంది, పిల్లలు విరగబడి నవ్వుతారు. అక్కడా చేత్తోనే తినాలి. మామూలు కంచంలో చికెన్‌తోపాటు పంది మాంసమూ వస్తుంది, వద్దనుకునేవాళ్ళు ముందే చెప్పాలి.

కొన్న కత్తిని విమానంలో తీసుకెళ్ళొచ్చా?

చేతి బ్యాగులో వద్దు, అది చెక్కదైనా సరే. సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటే పిల్లాడి ఏడుపు గేటు దాకా వస్తుంది. చెక్-ఇన్ సూట్‌కేసులో ఐమూలగా పెడితే పొడుగు కత్తి కూడా పడుతుంది. షాపులోనే మీ సూట్‌కేసు పొడవు గుర్తు చేసుకుని కొనండి.